బస్తా మోసినవాడి కంచం

కిందటి చలికాలంలో మా ఊరి లైబ్రరీలో ఒక చిన్న ప్రదర్శన పెట్టారు. మేముండేది కెనడాలో, విన్నిపెగ్‌లో. ఇక్కడికి బాగా ఉత్తరాన, ఏడాది పొడుగునా రోడ్డు లేని పల్లెల నించి వచ్చిన ఆదివాసీ కుర్రవాళ్ళూ, మా ఊళ్ళో ఉండే ఇద్దరు ముగ్గురు చిత్రకారులూ కలిసి చేసిన పని అది. అట్టముక్కల్ని చేప ఆకారంలో కత్తిరించి, వాటి మీద తమ పల్లెలో కొట్టు ధరలు రాసి, దారాలకి వేలాడదీశారు. పాల ధర, గుడ్ల ధర, నారింజపళ్ళ ధర. మేము ఇక్కడ ఇచ్చే దానికి రెండింతలు, కొన్నిటికి మూడింతలు. పక్కనే బల్ల మీద తాము కాల్చిన బ్యానక్ రొట్టెలూ, తాము అచ్చువేసిన బొమ్మల కార్డులూ పెట్టి అమ్ముతున్నారు. అమ్మకం చూసుకుంటున్న కుర్రాడికి పదిహేడేళ్ళుంటాయేమో. వచ్చిన డబ్బుతో వేసవిలో వలలు కొంటామని చెప్పాడు.

ఈ ధరల గొడవ కొత్తది కాదు. 2012లో ఇకాలుయిట్ అనే ఉత్తరాది పట్టణంలో ఇన్యుయిట్ తల్లులు కొట్ల ముందు అట్టలు పట్టుకుని నిలబడ్డప్పుడు దేశమంతటికీ తెలిసింది. అన్నట్టు ఆ బ్యానక్ రొట్టె కూడా వాళ్ళ పాత తిండేం కాదు. బొచ్చు వ్యాపారానికి వచ్చిన తెల్లవాళ్ళ కొట్లలో దొరికే గోధుమపిండితో అలవాటైంది. వేటా చేపలూ తిని బతికిన జనం వ్యాపారంలో పడి, చివరికి కొట్టు మీద ఆధారపడి, ఇప్పుడా కొట్టుపిండినే అమ్ముకుని వలలు కొనుక్కుంటున్నారు.

రొట్టె కొరుకుతూ మా అమ్మాయి అడిగింది. "నాన్నా, మనవాళ్ళకి ఇలాంటి కథేం లేదా?"

"మనకేం తల్లీ, మనది గోదావరి. అన్నానికి లోటేమిటి?" అనేశాను. అని నాలిక కరుచుకున్నాను. ఎందుకంటే మా ముత్తాత రంగం వెళ్ళాడు.

ఈ మాట ఈ తరం పిల్లలకి అర్థం కాకపోవచ్చు. మా వైపు పెద్దవాళ్ళు రంగూన్ అనరు, రంగం అంటారు. ఇప్పుడది యాంగోన్. మా ఊరు కోరంగికి నాలుగు కోసుల దూరం. నా చిన్నప్పుడు మా ఇంట్లో రంగం పెట్టె అని టేకుపెట్టె ఒకటుండేది. పిల్లలం దాగుడుమూతలు ఆడితే అందులోనే దూరేవాళ్ళం. అది తెచ్చినాయన సంగతి మా మామ్మ చెప్పగా విన్నది ఒక్కటే: కంచంలో మెతుకు మిగిలితే ఆయన ఊరుకునేవాడు కాదట. ఒకరోజు మా తాతయ్య, అప్పటికి కుర్రాడు, పెరుగన్నం సగం వదిలేసి లేచిపోతే, ఆ కంచం తనముందుకి లాక్కుని తినేశాడట. తిట్టలేదట, కొట్టలేదట.

కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. 1789లో ఒక ఉప్పెన, 1839లో ఇంకొకటి వచ్చి ఆ వైభవాన్ని తుడిచిపెట్టేశాయి. ఆ ఊరి పేరు మాత్రం సముద్రం దాటి బతికింది. బర్మాలో తెలుగు కూలీల్ని కోరంగీలనేవారు. శ్రీకాకుళం వాడయినా, విశాఖపట్నం వాడయినా, గోదావరి వాడయినా అక్కడ దిగేసరికి కోరంగీయే. కోరంగి దెబ్బతిన్నాక రంగం ఓడలు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నించి పొగ వదులుతూ బయల్దేరేవి.

ఇంతకీ ఎందుకు వెళ్ళారు? అక్కడ బియ్యం పండింది కనక.

ఇంగ్లీషువాళ్ళు 1852లో దిగువ బర్మాని ఆక్రమించారు. అప్పటికి ఐరావతి డెల్టా చాలా భాగం అడవీ, బురదా. వరి సాగు పది లక్షల ఎకరాలకి లోపే. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుని ఐరోపాకి దారి దగ్గరయింది. 1930 నాటికి దిగువ బర్మాలో వరి 80 లక్షల ఎకరాలు దాటింది. ఏటా సుమారు 30 లక్షల టన్నుల బియ్యం ఎగుమతయ్యేది. ప్రపంచంలో అంత బియ్యం అమ్మే దేశం ఇంకొకటి లేదు. అందులో సుమారు సగం మన దేశానికే వచ్చేది.

తమాషా ఏమిటంటే, సరిగ్గా అదే 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. రెండు డెల్టాలూ ఇంచుమించు ఒకేసారి వరిచేలయ్యాయి. మరి గోదావరి నీళ్ళు తాగే ఊరి మనిషి సముద్రం దాటి ఇంకొకళ్ళ బియ్యం మొయ్యడానికి ఎందుకు పోవాలి? మా అమ్మాయి అసలు ప్రశ్న అదే. జవాబు పెద్ద చిక్కుదేం కాదు. నీళ్ళు వచ్చినవి పొలం ఉన్నవాడి పొలానికి. పొలం లేని మాల, మాదిగ పేటలకీ, పల్లెకారుల ఇళ్ళకీ, ఆనకట్టకి ఆమడల దూరంలో మెట్ట చేసుకునే ఉత్తరాంధ్ర రైతుకీ వచ్చింది అప్పు మాత్రమే. గంజాం సీమలో 1866లోనూ, 1889లోనూ కరువులు వచ్చాయి. ఆ మధ్యలో 1876-78 నాటి పెద్ద కరువు. పొట్ట చేతబట్టుకుని పోవడం అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు.

ఎంతమంది పోయారో చూడండి. 1927లో ఒక్క ఏడాదిలో రంగూన్ రేవులో దిగినవాళ్ళు నాలుగు లక్షలు దాటారు. ఆ రోజుల్లో న్యూయార్క్‌తో పోల్చదగ్గ వలస రేవు అది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం నాలుగు లక్షలైతే, సగానికి పైగా భారతీయులు. బర్మా మొత్తంలో తెలుగు మాట్లాడేవాళ్ళు లక్షన్నరకి పైనే. అమెరికాలో మనం మొదటి తెలుగు సంఘం పెట్టుకోవడానికి దాదాపు నలభై ఏళ్ళ ముందు మాట ఇది. మనవాళ్ళ వలస చరిత్ర కంప్యూటర్లతో మొదలైందనుకునే మా బోటివాళ్ళం కాస్త తల దించుకోవాలి.

వీళ్ళ పని ఎలా నడిచేదో వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది. ఊళ్ళోకి మేస్త్రీ వస్తాడు. చాలాసార్లు ఆ చుట్టుపక్కలవాడే. పెళ్ళికో, చావుకో, పాత అప్పు తీర్చడానికో కొంత బయానా చేతిలో పెడతాడు, ఓడ చార్జీ తనే పెట్టుకుంటాడు. అక్కడితో మనిషి అతనివాడు. రంగూన్‌లో రేవు కంపెనీ కంట్రాక్టరుకి డబ్బిస్తుంది. కంట్రాక్టరు పెద్ద మేస్త్రీకి, పెద్ద మేస్త్రీ చిన్న మేస్త్రీకి, చిన్న మేస్త్రీ ముఠాకి. ఒక్కొక్క మెట్టు దిగినప్పుడల్లా ఎంతో కొంత తరిగిపోతుంది. చివరికి కూలీ చేతికి వచ్చేసరికి బయానాలో చెల్లు, బసలో చెల్లు, తిండిలో చెల్లు. మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో మధ్యదళారీల వరసలు తెలిసినవాళ్ళకి ఇది వింతగా ఉండదు. నేనూ వచ్చిన కొత్తల్లో మూడు కంపెనీల కింద పనిచేసినవాణ్ణే. కాని నేను మోసింది లాప్‌టాప్. పోలిక అక్కడితో ఆపడం మంచిది.

పంట నూర్చే కాలానికి వచ్చి, మిల్లుల్లో ధాన్యం ఆడినన్నాళ్ళూ ఉండి, ఓడలకి బియ్యం ఎత్తి, వానలకి ముందు తిరిగి వెళ్ళేవాళ్ళు కొందరు. రెండేళ్ళో మూడేళ్ళో ఉండిపోయేవాళ్ళు కొందరు. రేవులో బస్తాలు మొయ్యడం, మిల్లుపని, రిక్షా లాగడం, వీధులూ పాయిఖానాలూ శుభ్రం చెయ్యడం, అన్నిట్లోనూ తెలుగువాళ్ళే ఎక్కువ కనిపించేవారు. ఆడవాళ్ళు బహు తక్కువ. కూలీల బసల్లో ఒకడు లేచి పనికి పోతే ఆ చాప మీద రాత్రి పని చేసొచ్చినవాడు పడుకునేవాడు. 1933లో ఈ సంగతుల మీద రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి వలస కార్యాలయంలో పనిచేసిన ఆండ్రూ అనే అధికారి రాసింది, రెండోది ఎ. నారాయణరావుగారు రాసింది. మన రోజుల్లో ఆచార్య అడపా సత్యనారాయణగారు ఈ వలసల మీద శ్రమపడి పరిశోధన చేశారు. ఓపికున్నవాళ్ళు వెతికి చదువుకోవచ్చు.

నాకు పదేపదే గుర్తొచ్చేది ఇది. రోజుకి కొన్ని వందల బస్తాల బియ్యం వీపుల మీద నించి ఓడల్లోకి పోయేవి. ఒక్క బస్తాలో కూలీకి వాటా లేదు. బియ్యం కొని అమ్మే వ్యాపారం స్టీల్ బ్రదర్స్ లాంటి తెల్ల కంపెనీలది, అప్పులిచ్చే వ్యాపారం చెట్టియార్లది. కూలీ కుర్రాడు నాలుగు డబ్బులు వెనకేసి బండి పెట్టుకుందామంటే బయానా తీరేది కాదు. తీరిన కొద్దిమందే కూరలమ్మారు, టీ అమ్మారు, దోసెలు పోశారు. బియ్యం నగరంలో తెలుగువాడి సొంత వ్యాపారం అలా పెనం దగ్గర మొదలైంది.

కళ సంగతి కూడా చెప్పుకోవాలి. 1938లో స్థానం నరసింహారావుగారు రంగూన్ వెళ్ళారు. ఆయన సత్యభామ వేషం కడితే ఆడవాళ్ళే నడక నేర్చుకునేవారని చెప్పుకునే రోజులవి. రంగూన్ తెలుగువాళ్ళు ఆయనకి బంగారు కిరీటం పెట్టి సన్మానించారు. ఇక్కడ మన సభల్లో శాలువాలూ జ్ఞాపికలూ చూసినప్పుడల్లా నాకా కిరీటం గుర్తొస్తుంది. ఇల్లు వదిలొచ్చినవాడికి నాటకం అంటే ఎంత ఆకలో అందులో తెలుస్తుంది. ఇటు మన పల్లెల్లో సోమరాజు రామానుజరావుగారి ‘రంగూన్ రౌడీ’ నాటకం ఆడేది. రంగం అంటే ఇక్కడివాళ్ళ మనసులో డబ్బూ, భయమూ, తిరిగిరాని మొగుడూ కలిసిన మాట. కాని అక్కడా ఇక్కడా రంగస్థలం మీద బస్తా మోసినవాడి భోజనం ఎవరూ చూపించినట్టు లేదు.

ఇక 1930. ఆ మే 5న గాంధీగారిని అరెస్టు చేశారు. అదే రోజు సాయంత్రం పెగూలో భూకంపం వచ్చి రంగూన్ కూడా ఊగింది. ఆ నెల్లోనే తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీల్ని పెట్టాయి. వాళ్ళూ సుఖపడ్డవాళ్ళేం కాదు. అప్పులకి పొలాలు పోగొట్టుకుని పట్నం చేరిన రైతుబిడ్డలు వాళ్ళలో ఉన్నారు. సమ్మె పరిష్కారమై, 26వ తేదీ పొద్దున్న మనవాళ్ళు పనిలోకి వచ్చేసరికి, ఇక మీరు పొండని బర్మా కూలీలకి చెప్పారు. మనవాళ్ళు ఎగతాళి చేశారంటారు. అక్కడ మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. నాలుగైదు రోజుల్లో వందమందికి పైగా పోయారు, ఎక్కువమంది మన కూలీలే. వేలమంది తిండీ నీళ్ళూ లేక దాక్కున్నారు. అప్పుడు రంగూన్ జిల్లా మేజిస్ట్రేటుగా ఉన్న మారిస్ కాలిస్ ఆ రోజుల గురించి తరవాత పుస్తకంలో రాశాడు.

మనవాళ్ళ మీద దాడి జరిగిందని చెప్పుకుని ఊరుకోవడం సులువు. కాని ఒకే బస్తా కోసం ఇద్దరు ఆకలిగొన్నవాళ్ళని ఎదురెదురుగా నిలబెట్టింది ఎవరో కూడా చెప్పుకోవాలి. అప్పటికే మొదలైన ఆర్థికమాంద్యంలో వరి ధర కూలిపోయింది. డెల్టా పొలాల్లో పావువంతు 1938 నాటికి చెట్టియార్ల చేతికి వెళ్ళింది. దున్నినవాడికి పొలం లేదు, మోసినవాడికి బియ్యం లేదు.

1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. ముందు చచ్చినవాళ్ళు రేవులోనూ వీధుల్లోనూ ఉన్న జనం. కూలీలు పారిపోగానే ఓడల్లో సరుకు ఓడల్లోనే ఉండిపోయింది, వీధుల్లో చెత్త వీధుల్లోనే ఉండిపోయింది. ఊరిని ఎవరు నడిపిస్తున్నారో దొరలకి అప్పుడు తెలిసింది. 1942 మార్చిలో రంగూన్ పడిపోయింది. నాలుగైదు లక్షల మంది భారతీయులు ఆరకాన్ మీదుగా, మణిపూర్ మీదుగా నడిచి వచ్చారు. దారిలో ఆకలికీ, కలరాకీ పోయినవాళ్ళు వేలల్లో. మా ముత్తాత ఆ నడిచినవాళ్ళలో ఒకడు. పెట్టె అంతకుముందే ఓడలో వచ్చింది, మనిషి నడిచి వచ్చాడు.

బర్మా బియ్యం ఆగిపోయాక 1943లో బెంగాల్లో లక్షల మంది తిండిలేక చచ్చిపోయారు. ఆ కరువుకి కారణాలు చాలా ఉన్నాయి, ప్రభుత్వం చేసిన పాపం అన్నిటికన్నా పెద్దది. ఆగిపోయిన ఆ రంగం బియ్యం కూడా అందులో ఒకటి.

యుద్ధం తరవాత కొందరు తిరిగి వెళ్ళారు. 1962లో నెవిన్ సైన్యంతో అధికారం పట్టుకున్నాడు. 1964 మార్చిలో కొట్లు జాతీయం చేశారు. మే 17న యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. పెనం దగ్గర మొదలై కొట్టుదాకా ఎదిగిన కుటుంబాలు మళ్ళీ ఓడెక్కాయి. సుమారు మూడు లక్షల మంది భారతీయులు ఆ దశాబ్దంలో వచ్చేశారు. నగలు కూడా తెచ్చుకోనివ్వలేదు.

తెచ్చుకోగలిగింది చేతి వంట ఒక్కటే. మద్రాసులో బర్మా బజారు పక్కన అత్తో అని నూడుల్సు అమ్ముతారు. ఉల్లిపాయా, క్యాబేజీ, చింతపండు పులుసూ, కారం వేసి చేత్తో కలిపి, పక్కన అరటిదూట చారు పోసిస్తారు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మేము అక్కడికి సైకిళ్ళేసుకుని పోయి ఆ నూడుల్సు తినేవాళ్ళం. అవి అమ్మినవాళ్ళు ఎవరో, ఎందుకు అక్కడున్నారో మాకు పట్టలేదు. చైనా తిండి అనుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. రంగం పెట్టెలో దాక్కుని ఆడినవాణ్ణి, అడగాల్సిన మనిషి ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడితే, ఇంకాస్త కారం వెయ్యమని మాత్రం అడిగాను.

2019 జనవరిలో ఆఫీసు పని మీద సింగపూర్ వెళ్ళి, రెండ్రోజులు కలిసొస్తే యాంగోన్ వెళ్ళాను. ఊరు గళ్ళనోటు పుస్తకంలా ఉంటుంది. నిలువు వీధులకి పేర్లకి బదులు అంకెలు. వీధికీ వీధికీ మధ్య, ఇళ్ళ వెనక, సన్నటి సందులు. మురుగూ, చెత్తా, పాయిఖానాల మలమూ తీసుకుపోవడానికి ఇంగ్లీషువాళ్ళ కాలంలో వదిలిన సందులవి. అవి శుభ్రం చేసినవాళ్ళలో మనవాళ్ళున్నారు. తరవాత దశాబ్దాల పాటు అవి చెత్తకుప్పలై పడి ఉన్నాయి. 2017 నించి ‘దో ఎయిన్’ అనే సంస్థ, ఆ మాటకి మన ఇల్లు అని అర్థం, వీధిలోవాళ్ళని కలుపుకుని కొన్ని సందులు బాగుచేసింది. చిత్రకారులొచ్చి గోడల మీద బొమ్మలు వేశారు, మొక్కలు పెట్టారు, పిల్లలు ఆడుకోవడానికి చోటు చేశారు. నేను వెళ్ళిన సందులో ఇద్దరు పిల్లలు గోడ మీది పక్షి బొమ్మకి బంతేసి కొడుతున్నారు. మంచి పని, కాదనను. ఆ గోడంతా వెతికాను, నెత్తి మీద తట్ట పెట్టుకున్న మనిషి బొమ్మ మాత్రం లేదు.

అనవ్రహ్తా రోడ్డు మీద దోసెల బండి కనిపించింది. బర్మీయులు దాన్ని తోషే అంటారు. శనగపప్పు వాళ్ళకి కలాపే, అంటే కలావాళ్ళ పప్పు. కుర్చీ కలాథైంగ్, కలావాళ్ళు కూర్చునేది. కలా అంటే పడమటి నించి వచ్చిన పరాయివాడు, అంటే మనమే. ఇప్పుడా మాట తిట్టుకింద లెక్క, పెద్దమనుషులు వాడరు. మనుషుల్ని పొమ్మన్నారు గాని పప్పునీ కుర్చీనీ ఉంచుకున్నారు.

బండి దగ్గర పెద్దాయన పెనం మీద నీళ్ళు చల్లుతున్నాడు. పక్కన మనవడు సెల్‌ఫోన్లో ఆర్డర్లు చూసుకుంటూ పొట్లాలు కడుతున్నాడు. నేను ఇంగ్లీషులో అడిగాను, పెద్దాయనకి రాలేదు. తోచక తెలుగులో "ఒకటి ఇవ్వండి" అన్నాను. ఆయన చెయ్యి ఆగింది. నా వంక చూసి, "ఏ ఊరు బాబూ?" అన్నాడు. కాకినాడ అన్నాను. ఆ పేరు విన్నట్టే తల ఊపాడు. తరవాత ఆయన మాట నాకు సగం అర్థమైంది, నా మాట ఆయనకి సగం. మనవడికి అదీ లేదు. "అన్నం తిన్నావా?" అని అడిగాడు పెద్దాయన. చేతిలో దోసె పెట్టుకుని ఉన్నవాణ్ణి ఇదేం అడగడం అనుకున్నాను. మనవడు నవ్వి, ఇంగ్లీషులో చెప్పాడు. బర్మాలో కుశలప్రశ్న అదేనట, అన్నం తిన్నావా అని. మా మామ్మ కూడా గుమ్మంలోకి ఎవరొచ్చినా మొదట అదే అడిగేది.

2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ ప్రభుత్వాన్ని పడగొట్టింది. 2024లో కుర్రవాళ్ళకి నిర్బంధ సైనిక సేవ అన్నారు, లక్షల బియ్యపు ఎకరాలున్న దేశం నించి కుర్రవాళ్ళు పొట్ట చేతబట్టుకుని థాయిలాండు దారి పట్టారు. ఫోన్లో ఆర్డర్లు తీసుకుంటున్న ఆ మనవడి వయసువాళ్ళే.

ఇంకొక్క సంగతి. మనం ఇడ్లీకి నానబోసే మినుములు మన దేశంలో చాలవు. దిగుమతి చేసుకునేవాటిలో ఎక్కువ భాగం బర్మావే. 2017లో మన ప్రభుత్వం మినుములకీ కందులకీ దిగుమతి పరిమితులు పెడితే, అక్కడి రైతుకి ధర పడిపోయి గగ్గోలు పుట్టింది. 2021లో మళ్ళీ ఒప్పందం కుదిరింది: ఐదేళ్ళపాటు ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు. ఒకప్పుడు మనవాళ్ళు రంగూన్‌లో ఎత్తిన బస్తాలు ఇప్పుడు వేరేవాళ్ళెవరో ఎత్తుతున్నారు, దిగేది మన రేవుల్లో.

ఈ వ్యాసం రాస్తూ మా ఊళ్ళో పిన్నికి ఫోన్ చేశాను, రంగం పెట్టె ఇంకా ఉందా అని. మా అమ్మాయి దాని బొమ్మ గీసి, వచ్చే ఉగాదికి మా సంఘంలో పిల్లలు పెట్టే ప్రదర్శనకి తయారుచేస్తానంది. ఉందిట. మూత బందు ఊడింది గాని చెద పట్టలేదట.

"అందులో ఏం పెడుతున్నావు పిన్నీ?"

"మినుములు పోశాన్రా. కొట్టువాడు బర్మావని ఇచ్చాడు. పొట్టు ఓ పట్టాన ఊడి చావడం లేదు."